వెర్డా రివాల్వర్, ఎల్వుడ్ చొక్కా

గేలటన్, పెన్సిల్వేనియా
మార్చి 9, 1994

ఎల్వుడ్ అన్నయ్యకు,

నిన్న ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు నా కుడి భుజం మీద తీర్పు వచ్చింది. ఇక ఎప్పటికీ దానికి తుపాకీ మడమ ఆనించకూడదు. ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాడు. రైఫిల్ ఒక్కసారి వెనక్కి తన్నిందంటే లోపల బిగించిన మేకులు ఊడతాయట.

"వంట చేసుకోవచ్చు, బస్సు నడపొచ్చు, చర్చిలో చేతులెత్తి పాడొచ్చు" అన్నాడు.

"మరి జింకను కొట్టడం?" అన్నాను.

"కారుతోనా?" అన్నాడు. నేను నవ్వలేదు. బిల్లు ఇచ్చాడు.

ఎడమ భుజానికి మార్చుకోమని నువ్వు రాయబోతున్నావు, రాయకు. నా ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మసకేనని నీకు తెలుసు.

మన వేట క్యాంపు నియమం కూడా నీకు తెలుసు. వరసగా రెండు సీజన్లు జింక పడని మంచె చేతులు మారుతుంది. కిందటి నవంబరులో నేను కట్టు కట్టుకుని ఆస్పత్రి మంచం మీద ఉన్నాను. ఈ నవంబరు కూడా ఖాళీగా పోయిందంటే నాన్న కట్టిన మంచె పిట్స్‌బర్గ్ పళ్ల డాక్టరుకి పోతుంది. ఆయన కిందటి నెలే మంచె ఎక్కి టేపు పెట్టి కొలిచాడు. తన కుర్చీ పడుతుందో లేదో చూసుకున్నాడట. వెనక్కి వాలే కుర్చీ!

కాబట్టి నేను నిర్ణయించుకున్నాను. రివాల్వర్‌తో కొడతాను. రెండు చేతులతో ముందుకు చాపి పట్టుకునేది, భుజానికి ఆనించే పని లేనిది. నువ్వు ఐడహోలో ఏళ్ల తరబడి రివాల్వర్‌తోనే వేటాడుతున్నానని ప్రతి క్రిస్మస్‌కీ రాస్తావు కదా. అందులో సగం నిజమైనా నాకు చాలు. నమ్మదగ్గ రివాల్వర్ ఏదో చెప్పు. నీ ఇంట్లో ఫోను పెట్టించుకుని ఉంటే ఈపాటికి చెప్పేసేవాడివి.

నీ చెల్లెలు
వెర్డా


సాల్మన్, ఐడహో
మార్చి 24

చెల్లాయ్ వెర్డాకు,

యాభై తొమ్మిదేళ్లకి తెలివొచ్చింది. రైఫిల్‌తో ఎవడైనా కొడతాడు. రివాల్వర్ పట్టుకున్నవాడు జింక దగ్గరికి వెళ్లాలి, అది కనురెప్ప వేసే దూరానికి.

ముందు సంగతి, నా దగ్గర ఉన్నది తపాలాలో పంపమని అడగకు. చట్టం ఒప్పుకోదు. అక్కడే కొనుక్కో. రెండో సంగతి, మెరుపు చూసి కొనకు. షాపువాడు మాట్లాడుతుంటే వినకు, ఈ పరీక్షలు చెయ్యి.

ఖాళీ తుపాకీ తీసుకుని, ఖాళీయే అని రెండుసార్లు చూసుకుని, తూటాల చక్రానికీ గొట్టానికీ మధ్య సందు చూడు. ఉత్తరం కాగితం దూరాలి, విజిటింగ్ కార్డు దూరకూడదు. తర్వాత తుపాకీ వెనకున్న సుత్తిని మెల్లగా వెనక్కి లాగుతూ, రెండో చేతి బొటనవేలితో చక్రాన్ని కాస్త అడ్డుకో. అయినా తూటా పెట్టే ప్రతి గదీ గొట్టానికి సరిగ్గా ఎదురొచ్చి 'టక్' మని గడియ పడాలి. ఒక్క గది బద్ధకించినా అక్కడ పెట్టేసి వచ్చేయ్.

స్ప్రింగులు మెత్తబరిచిన తుపాకీ అసలు వద్దు. షాపులో వేలికి వెన్నలా తగులుతుంది. చలి ఉదయాన మంచె మీద 'టిక్' అని ఊరుకుంటుంది. జింక కూడా నవ్వుతుంది.

నలభైనాలుగు మాగ్నమ్ తీసుకో, పెద్ద తూటాలు పేల్చే రకం. ఇంకొక్కటి గుర్తుపెట్టుకో. రివాల్వర్ మీద నమ్మకం సగం ఇనుములో ఉంటే సగం తూటాలో ఉంటుంది. తూటా డొప్ప మూతి, ముందున్న గుండు చుట్టూ గట్టిగా బిగించి ఉండాలి. లేకపోతే ఒకటి పేలిన అదురుకి పక్క గదుల్లో గుండ్లు ముందుకి జరుగుతాయి. ఒక్కటి చక్రం దాటి ముక్కు బయటపెట్టిందంటే చక్రం తిరగదు. అప్పుడు నీ చేతిలో ఉన్నది పేపర్ వెయిట్.

నీకు తెలిసిందే అయినా ఒక మాట మళ్లీ రాస్తాను. ప్రతి ఉత్తరంలో రాసుకుంటేనే నాకు తృప్తి. 1971లో నేనూ ఆ నార్బర్ట్ క్లింగర్‌గాడూ ఒకే జింక మీద ఒకేసారి పేల్చాం. దాని ఒంట్లో ఒకే చిల్లు. క్యాంపంతా ఓటు వేసి ఆ చిల్లు నార్బర్ట్‌దన్నారు. నాది గురి తప్పినట్టు తేల్చారు. గురి తప్పినవాడికి క్యాంపులో జరిగేదే నాకూ జరిగింది. అమ్మ కుట్టిన ఎర్రగళ్ల ఉన్ని చొక్కా వెనక వేలాడే తోక కోసి, పేరు రాసి, గోడకు మేకు కొట్టారు. కత్తెర పట్టింది నార్బర్టే. అందుకే ఆ గుమ్మం తొక్కను. నీ మంచె మీద మాత్రం నాకు ప్రేమే.

ఎల్వుడ్


గేలటన్
మే 17

అన్నయ్యా,

కొన్నాను. వెల్స్‌బరో షాపులో. నువ్వు చెప్పిన పరీక్షలన్నీ చేశాను. ఉత్తరం కాగితం దూర్చి చూశాను, నీ ఉత్తరమే. షాపువాడు మొదట నవ్వాడు. మూడో రివాల్వర్ దగ్గర నవ్వు ఆపి, "అమ్మా, మీకు ఉద్యోగం కావాలా?" అన్నాడు.

ప్రతిసారీ సుత్తి చేత్తో లాగాల్సిన పాతకాలపు బాణీది ఒకటి చూపించాడు. బాగుంది గానీ పిడి నా అరచేతిలో చేపలా జారింది. పెద్ద గొట్టంది ఎత్తితే భుజం మూలిగింది. చివరికి చక్రం పక్కకి తెరుచుకునే రకం, నాలుగంగుళాల గొట్టం, తేలికైనది తీసుకున్నాను. నలభైనాలుగే.

మొదటిరోజు సంగతి నువ్వు ఎవరికీ చెప్పనంటే రాస్తాను. పెరట్లో బల్ల మీద ఆనించి పేల్చుదామని సోఫా దిండు తెచ్చి పెట్టాను. వేళ్లు పక్కకి రాకుండా జాగ్రత్తగానే పట్టుకున్నాను. పేల్చాను. దిండు పేలింది. కాగితం దూరే ఆ సందులోంచి మంట పక్కలకి కొడుతుందని నువ్వు రాయలేదేం? బాతు ఈకలు పక్కింటి దాకా వెళ్లాయి. పక్కింటావిడ కిటికీ తీసి, "వెర్డా, ఏం కొట్టావే?" అంది. "సోఫాలో కూర్చున్న బాతుని" అన్నాను. రాత్రి భోజనానికి కాస్త మిగిలిందేమో అని అడిగింది!

గుండు ఎక్కడ తగిలిందంటావా? దిండుకి.

వెర్డా


సాల్మన్
జూన్ 2

చెల్లాయ్,

ఉత్తరం చదివి కుర్చీలోంచి జారాను. పొరుగు పశువుల రాంచ్‌లో అందరికీ చెప్పాను. చెప్పనని నేను అనలేదు కదా.

సందు సంగతి రాయనిది నా తప్పే. ఇసుక మూట మీద ఆనించు, చక్రం మాత్రం మూట దాటి ముందుకి ఉండాలి. వేళ్లు చక్రం పక్కకి పోనివ్వకు. చొక్కా చేతులు మడుచుకో.

నాలుగంగుళాలా? నాది ఏడున్నర. తన్నుతుంది చూసుకో. ఎవరి దగ్గరైనా కాస్త నేర్చుకో, తెలిసినవాళ్లెవరైనా ఉంటే. ఆ ఊళ్లో తెలిసినవాళ్లు ఉన్నట్టు నాకు గుర్తులేదు.

ఎల్వుడ్


గేలటన్
ఆగస్టు 21

అన్నయ్యా,

మూడునెలలుగా రాయలేదని తిట్టకు. పని దొరికింది. వారంలో రెండు సాయంత్రాలు పాత కంకర గుంటలో పేలుస్తున్నాను. కాగితం ప్లేటు పెట్టి ముప్పై గజాల నుంచి కొడితే ఆరు తూటాల్లో ఐదు ప్లేటులో పడుతున్నాయి. ఆరోది కూడా పడేదే, ఆరో తూటాకి నాకు నవ్వొస్తుంది.

మాగ్నమ్ తూటాలు మానేశాను. అదే రివాల్వర్‌లో పట్టే పాతరకం, పొట్టివి, మెత్తగా తన్నేవి ఉన్నాయి కదా, నలభైనాలుగు స్పెషల్. ముప్పై గజాల్లో జింకకి అవి చాలట. గురి కూడా వాటికే సరిచేశాం. భుజం కిక్కురుమనడం లేదు.

తూటాలు నింపడం ఇప్పుడు చూడకుండా చేస్తాను. తుపాకీని ఎడమచేతిలోకి మార్చుకోవడం, చూపుడువేలితో గొళ్లెం నొక్కడం, చక్రం తెరవడం, నింపడం, మూయడం. నిన్న మొక్కజొన్న రొట్టె పిండి కలుపుతూ కూడా వేళ్లు అదే పని చేస్తున్నాయి.

బీట్‌రూట్ రసంలో ఊరేసిన గుడ్లు ఇంత బాగుంటాయని నాకు ఇన్నేళ్లూ తెలియదు. గుంట దగ్గర పేల్చడం అయ్యాక తింటుంటే ఆకాశం కూడా అదే రంగులో ఉంటుంది.

వెర్డా


సాల్మన్
సెప్టెంబరు 1

వెర్డా,

చూపుడువేలితోనా?

ఈ ప్రపంచంలో రివాల్వర్లన్నీ కుడిచేతివాళ్ల కోసం చేసినవి. గొళ్లెం ఎడమ పక్కన ఉంటుంది. కుడిచేతివాడు కుడి బొటనవేలితో నొక్కుతాడు. తుపాకీని ఎడమచేతిలో పట్టి చూపుడువేలితో గొళ్లెం నొక్కేవాడు ఒక్క ఎడమచేతివాడే. నువ్వు కుడిచేతిదానివి. అమ్మ కడుపులోంచి కుడిచెయ్యి ఊపుకుంటూ వచ్చావు.

అంటే నీకు నేర్పినవాడు ఎడమచేతివాడు. ఆ కౌంటీలో రివాల్వర్ పట్టిన ఎడమచేతివాణ్ని నేను ఒకే ఒక్కణ్ని ఎరుగుదును. వాడే గుడ్లు కూడా బీట్‌రూట్‌లో ఊరేస్తాడు. క్యాంపులో ఏడేళ్లు తిన్నాను, ఆ వాసన నాకు తెలుసు.

"సరిచేశాం" అని రాశావు. ఆ 'శాం'లో రెండోవాడు ఎవడు?

ఎల్వుడ్


గేలటన్
సెప్టెంబరు 10

అన్నయ్యా,

నిన్ను పోలీసుల్లో చేర్చుకోకపోవడం దేశానికి నష్టం.

అవును, నార్బర్టే. ఈకల సంగతి పక్కింటావిడ చెప్పిందట, మర్నాడు ఇసుక మూట పట్టుకుని వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు దగ్గర నిలబడి, "ఎల్వుడ్‌కి తెలిస్తే నీతో మాట్లాడడు, ఆలోచించుకో" అన్నాడు. "వాడు మాట్లాడకపోతే నాకు స్టాంపులు మిగులుతాయి" అన్నాను. అప్పుడు లోపలికొచ్చాడు.

మనిషి మారలేదు. గాజు ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాడు. భార్య పోయి ఆరేళ్లు. మాట్లాడడు గానీ మధ్యమధ్య ఒకటి వదులుతాడు. మొన్న నేను వరసగా అన్నీ ప్లేటులో కొట్టాను. ప్లేటు తెచ్చి చూపిస్తూ, "దీంట్లో ఇక పులుసు పోయలేం" అన్నాడు. నేను కంకర మీద కూర్చుని నవ్వాను. భుజం నొప్పి తప్ప అంతా బాగుంది.

నువ్వింకా ఇంట్లో తూటాలు చేస్తుంటావా అని అడిగాడు. "ఎల్వుడ్ చేత్తో చేసిన తూటాలు మంచివే ఉంటాయి, వాడికి చెయ్యి తిరుగుతుంది" అన్నాడు. పొగిడాడు, రాసుకో.

అంతకుమించి చెప్పడానికేం లేదు. ఇంకా.

వెర్డా


సాల్మన్
అక్టోబరు 3

వెర్డా,

'ఇంకా' అనే మాట చూశాను. రెండుసార్లు చదివాను.

నేను నార్బర్ట్ గురించి ఏమీ రాయదలచుకోలేదు. తూటాల గురించి రాస్తాను. ఆ స్పెషల్ తూటాలు ప్లేట్లకి. మంచు పడ్డ పొద్దున కొమ్ముల జింక మీద వాటితో వెళ్లకు. నేనే స్వయంగా మాగ్నమ్ తూటాలు చేశాను, బరువు గుండుతో. కాఫీ డబ్బాలో పోసి మన చిన్నాన్న కొడుకు డ్యూయీకి ఇచ్చాను. వాడి ట్రక్కు ఈ వారమే తూర్పుకి వస్తోంది. నా తుపాకీలో పేల్చి చూశాను, గడియారంలా నడిచాయి.

నాన్న మంచె పోకూడదు. అది మన ఇంటివాళ్ల తూటాతోనే నిలవాలి. గాజు ఫ్యాక్టరీవాడి సలహాతో కాదు.

వాడు పొగిడినందుకు థాంక్స్ చెప్పకు.

ఎల్వుడ్


గేలటన్
నవంబరు 29

అన్నయ్యా,

నిన్న, సీజన్ మొదటిరోజు, ఉదయం ఏడుంపావుకి ఎనిమిది కొనల కొమ్ముల జింక మీద రెండుసార్లు పేల్చాను. రెండూ దాని వీపు మీదుగా పోయాయి. మూడోసారి మీట నొక్కితే చక్రం తిరగలేదు.

నీ తూటాలు పెట్టాను. నార్బర్ట్‌కి చెప్పలేదు. నువ్వు 'మన ఇంటివాళ్ల తూటా' అని రాస్తే నేనేం చెయ్యను?

ఆ జింక కూడా మర్యాదస్తుడే. రెండు పేలుళ్లకి చెవులు తిప్పింది గానీ పరిగెత్తలేదు. నేను మీట నొక్కుతున్నాను, సుత్తి లాగుతున్నాను, అది నిలబడి చూస్తోంది, ఈవిడకి ఏదైనా సాయం కావాలా అన్నట్టు. చివరికి తోక ఎత్తి తెల్లజెండా చూపించి కొండెక్కింది. నా ప్రాణం తోకకొచ్చింది, దాని తోక కాదు, నా చొక్కా తోక.

కిందకి దిగి నార్బర్ట్ మంచె దగ్గరికి వెళ్లాను. తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు. గొట్టం కొండవైపు పెట్టి, చెక్కపుల్లతో ముందు నుంచి నెట్టి, చక్రం తెరిచాడు. ఒక గుండు ముక్కు బయటపెట్టి ఉంది, బడి వరసలోంచి ఒక పిల్లవాడు అడుగు ముందుకేసినట్టు.

"ఎవరివివి?" అన్నాడు.

"ఎవరివైతే ఏం?"

"ఎల్వుడ్‌వి" అన్నాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు.

సాయంత్రం క్యాంపు కూర్చుంది. పొయ్యి మీద బీన్స్. గస్ పెద్దాయన అధ్యక్షుడు, చెవుడు ఇంకా ముదిరింది. కత్తెర బల్ల మీద పెట్టాడు.

"వెర్డా, వెనక్కి తిరుగమ్మా."

"ఆగండి" అన్నాను. "ముందు ఇది చూడండి." ఆ తూటా, డబ్బాలోంచి కొత్త తూటా పక్కపక్కన నిలబెట్టాను. గుండు ఎంత జరిగిందో గుడ్డివాడికైనా తెలుస్తుంది. తర్వాత నార్బర్ట్ చెప్పాడు, గురి మెత్తటి తూటాలకి సరిచేసి ఉందనీ, బరువు గుండు అదే గురిలో పైకి కొడుతుందనీ.

"అయితే తోక ఎవరిది?" అన్నాడు గస్.

"పేల్చినవాళ్లది. నియమం అదే" అన్నాడు పళ్ల డాక్టరు. ఆయన కళ్లలో వెనక్కి వాలే కుర్చీ కనిపించింది నాకు.

"ఏంటి?"

"పేల్చినవాళ్లది!"

"పిలిచినవాళ్లు ఎవరయ్యా? గట్టిగా చెప్పు! ఏదేమైనా పన్ను పాడైతే పేషెంటు తప్పా, పుచ్చు పట్టించిన మిఠాయివాడి తప్పా?" అన్నాడు గస్. డాక్టరు నోరు తెరిచి మూశాడు. ఆయన నోరు మరొకరు మూయించడం నేను మొదటిసారి చూశాను.

ఓటు వేశారు. తూటా చేసినవాడి చొక్కా కొయ్యాలి. అందరూ చేతులెత్తారు, నేను కూడా. క్షమించు, బీన్స్ మాడిపోతున్నాయి. ఒక్కడే ఎత్తలేదు.

"నార్బర్ట్?" అన్నాడు గస్.

"వాడి చొక్కా ఒకసారి కోశాం" అన్నాడు నార్బర్ట్. "ఆ రోజు చిల్లు ఒకటే. అది ఎవరిదో ఆ జింకకి కూడా తెలియదు. మీరంతా నాదన్నారు, నేను వద్దనలేదు. ఈసారి చెయ్యెత్తను."

అందరూ పొయ్యి మీది బీన్స్ వైపు చూశారు. గస్ మాత్రం, "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని మూడుసార్లు అడిగాడు.

అయినా తీర్మానం నెగ్గింది. కానీ నియమం ప్రకారం తోక ఒంటి మీద ఉన్న చొక్కాదే అయ్యుండాలి, మనిషి క్యాంపులో నిలబడి ఉండాలి. తపాలాలో పంపింది చెల్లదు. నీ పేరుతో మేకు కొట్టి పెట్టారు, ఖాళీగా ఉంది.

ఇంకా పది రోజులు సీజన్ ఉంది. మంచె ఇంకా నాదే.

వెర్డా


సాల్మన్
డిసెంబరు 4

వెర్డా,

ఉత్తరం చదవగానే కొట్టంలోకి వెళ్లాను. జరిగింది ఇది. ఆ తూటాలు నా తుపాకీలో పేల్చి చూశాను, అది నిజమే. నా తుపాకీ గడ్డపలుగంత బరువు, అదురు అదే మింగేస్తుంది. నీది తేలిక. ఈ మధ్యాహ్నం పొరుగు రాంచ్ అతని దగ్గర నీలాంటిదే అరువు తెచ్చి పేల్చాను. మూడోసారికి గుండు నాలుక బయటపెట్టింది. మూతి ఇంకా బిగించాల్సింది. బిగించాలని నీకు మార్చిలో రాసింది నేనే. గురివింద గింజ సామెత నా కోసమే పుట్టింది.

ఆ డబ్బాలో మిగిలినవి ఒక్కటి కూడా పేల్చకు. స్పెషల్ తూటాలు పెట్టుకుని వెళ్లు. గాజు ఫ్యాక్టరీవాడు చెప్పింది సరైనదే. ఈ వాక్యం వాడికి చూపించకు.

క్యాంపుకి మాత్రం రాను. మేకు ఖాళీగానే ఉండనీ.

వాడు చెయ్యెత్తలేదని రాశావు. ఏ చెయ్యి? ఎడమదా, కుడిదా? ఊరికే అడుగుతున్నాను.

ఎల్వుడ్


గేలటన్
డిసెంబరు 11

అన్నయ్యా,

నిన్న మధ్యాహ్నం మూడున్నరకి, సీజన్ చివరిరోజు, నాలుగు కొనల కొమ్ముల జింక పడింది. ఇరవై రెండు గజాలు. ఒకే తూటా, స్పెషల్. మంచె నిలిచింది.

శుక్రవారం నీ ఉత్తరం అందింది. చూపించొద్దన్న వాక్యం నార్బర్ట్‌కి చూపించాను. అది ఉన్న కాగితం ముక్క చింపి పర్సులో పెట్టుకున్నాడు.

నిన్న నా తుపాకీ చప్పుడు విని మంచులో పడుతూ లేస్తూ వచ్చాడు, అరవై మూడేళ్ల మనిషి, నారింజ రంగు కోటులో గుమ్మడికాయ దొర్లినట్టు.

"ఒక్కటే వినిపించింది?"

"ఒక్కటే కొట్టాను."

"చక్రం తిరిగిందా?"

"తిరగాల్సిన పని పడలేదు."

కోటు చేతులు మడుచుకుని, జింక పొట్ట చీల్చడానికి కత్తి తీశాడు. నేను వెనక కాలు పట్టుకున్నాను. సగం పనిలో ఆగి, "వెర్డా, నేనొకటి అడుగుతాను" అన్నాడు.

"కాలు ఇంకాస్త పైకెత్తనా?"

"ఎత్తు. ఎత్తి విను. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

అన్నయ్యా, ఇలాంటప్పుడు ఏం అనాలో ఎవరూ నేర్పరు. "నార్బర్ట్, నేను కాలు వదిలేస్తే ఇది వాగులోకి జారుతుంది" అన్నాను. "అందుకే ఇప్పుడడిగాను, నువ్వు ఎక్కడికీ పోలేవు" అన్నాడు. పని ముగించి, చేతులు మంచుతో కడుక్కుని, సరేనన్నాను. తిరుగు దారిలో జింకను ఈడ్చింది నార్బర్ట్, పాట పాడింది నేను. చేతులెత్తి పాడొచ్చని డాక్టరు అన్నాడు కదా.

పళ్ల డాక్టరు మర్యాదగా అభినందించాడు. వెనక్కి వాలే కుర్చీ ఇంకా ఆయన ట్రక్కులోనే ఉంది. గస్ దాంట్లో పడుకుని నిద్రపోయాడు, ఇప్పుడు లేవనంటున్నాడు.

పెళ్లి డిసెంబరు 31, శనివారం, పదకొండింటికి, మన చర్చిలోనే. నన్ను చెయ్యి పట్టుకుని నడిపించడానికి నాన్న లేడు. నువ్వున్నావు. నా ఎడమ పక్కన నడవాలి, కుడి భుజం లాగితే మేకులు ఊడతాయి. ఆ తర్వాత క్యాంపులో భోజనం. నువ్వు గుమ్మం తొక్కకపోతే బయట మంచులో నీకు ప్లేటు పంపిస్తాం, చిల్లులు లేనిదే.

ఎడమచెయ్యి, నువ్వడిగావు కాబట్టి చెప్తున్నాను. ఎత్తకుండా జేబులో పెట్టుకున్నాడు.

వెర్డా


సాల్మన్
డిసెంబరు 17

చెల్లాయ్ వెర్డాకు,

వస్తున్నాను. డ్యూయీ ట్రక్కు ఇరవై ఆరో తారీఖు ఇక్కడి నుంచి బయల్దేరుతుంది. ముప్పైన నీ గుమ్మంలో ఉంటాను. దారి పొడుగునా డ్యూయీ మాటలు వినాలి, పెళ్లికొడుకుకి చెప్పు, నేను ఎంత త్యాగం చేస్తున్నానో.

వాణ్ని ఇకమీదట వాడు అనకూడదు కాబోలు. బావగారు అనాలి. నోరు తిరిగేదాకా ట్రక్కులో అలవాటు చేసుకుంటాను. నిన్న గుర్రాల కొట్టంలో ఒకసారి అన్నాను. గుర్రాలు తలెత్తి చూశాయి.

నీకు ఎప్పుడూ రాయనిది ఒకటుంది. అమ్మ కుట్టిన ఆ ఎర్రగళ్ల చొక్కా నేను పారెయ్యలేదు. ఈ ఇరవై మూడేళ్లూ ప్రతి సీజన్‌కీ అదే వేసుకుని వేటకి వెళ్లాను. వెనక తోక లేక నడుముకి చలి కొడుతుంది. అయినా అదే వేసుకున్నాను. రివాల్వర్‌తో నా గురి ఎన్నిసార్లు తప్పిందో ఇక్కడ లెక్క పెట్టేవాడు లేడు కాబట్టి బతికిపోయాను. గోడ ఉండి ఉంటే నేను ఈపాటికి ఒక్క కాలరుతోనే తిరుగుతుండేవాణ్ని.

ఇది క్యాంపుకి తెలియజెయ్యి. ఆ చొక్కానే వేసుకొస్తాను. వెనకది పోయింది గానీ ముందు తోక చెక్కుచెదరకుండా ఉంది. అమ్మ బొత్తాం కింద రెండు వరసలు కుట్టింది, మంచి కత్తెర తెచ్చుకోమను. చర్చిలో పైన కోటు వేసుకుంటాను, పాదిరిగారు కంగారుపడక్కర్లేదు.

శనివారం పదకొండింటికి నీ ఎడమ పక్కన నడుస్తాను. రెండింటికి క్యాంపులో ఉంటాను. కత్తెర బావగారే పట్టాలి, ఇంకెవరూ పట్టకూడదు. ఎడమచేతివాళ్ల కత్తెర ఒకటి వెతికి ఉంచు. కిందటిసారి వంకరగా కోశాడు.

ఎల్వుడ్